గరుకు గొట్టం

పొద్దున ఏడున్నరకు ఆళ్లగడ్డలో నంద్యాల బస్సెక్కితే నా పక్కన కూర్చోడానికి ఆడోళ్లు కొంచెం వెనకాడతారు. నేనేం గయ్యాళిని కాదు. నోరు పెద్దదే, కాదనను. అసలు సంగతి నా చేతులు. గోళ్ల సందుల్లో నలుపు. శెనగపిండి రుద్దినా పోదు, నిమ్మచెక్క రుద్దినా పోదు, కిరసనాయిలు పూసి కడిగినా పోదు. పెండ్లిలో తాంబూలానికి చెయ్యి చాపితే పక్కనున్నామె చూసి, "ఏం మా, బొగ్గుల బట్టీలో పని చేస్తాండావా?" అనింది. "ఆ, బట్టీ నాదే" అన్నాను. ఎంతమందికని విడమర్చి చెప్పేది? చెప్పీ చెప్పీ యాష్టకొచ్చింది.

అది కార్బన్ పొడి. నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివినాను. నంద్యాల ఊరి బయట ఒక ప్లాస్టిక్ పైపుల ఫ్యాక్టరీలో పరీక్షల గది నాది. గది అంటే పెద్దగా ఊహించుకోవద్దు. రేకుల షెడ్డులో ఒక మూలకు ప్లైవుడ్డు అడ్డం పెట్టినారు. లోపల ఒక టేబులు, కరెంటు పారుతుందా లేదా చూసే మీటరు, బిళ్లలు ఒత్తే వేడి పలకల ప్రెస్సు, కరిగిన ప్లాస్టిక్ ఎంత బాగా జారుతుందో చూసే చిన్న యంత్రం. ఎండాకాలం ఆ మూలలో కూర్చుంటే బువ్వ వండుకోనక్కర్లేదు, మనమే ఉడుకుతాం. మేము చేసేది పొలాలకు నీళ్ల పైపులు, ఎండకు చెడకుండా వాటిలో కొంచెం కార్బన్ పొడి కలుపుతాం. మందం కొలవడం, ముక్క కోసి విరిచి చూడడం, సంతకం పెట్టడం. చేరినప్పటి నుంచీ అదే పని. పొద్దున బస్సు, సాయంత్రం బస్సు, మధ్యలో పైపులు. మనిషికి బేజారు రాకుండా ఎట్లుంటాది?

మిక్సరు కాడ ఒకాయన పని చేసేవాడు. ఆయనదీ ఆళ్లగడ్డే, నా బస్సే. నాకంటే పదేండ్లు పెద్ద, నేను అన్నా అనేదాన్ని. ముందు ఆయన పని విగ్రహాలకు పాలిషు పెట్టడం. మా ఊర్లో రోడ్డు పొడుగునా రాతి పని షెడ్లే కదా, చెక్కేవాళ్లు చెక్కితే ఆఖర్న రాయికి నునుపు తెచ్చేది ఈయన. నల్లరాతి మీద సానరాయితో, నీళ్లతో, రోజుల తరబడి రుద్దేవాడు. దేవుడి చెంపలో మన మొహం కనపడితేగాని వదిలేవాడు కాదంట. ఉలికి తోడు మిషన్లు వచ్చినాక దుమ్ము ఎక్కువైంది. దగ్గు పట్టుకుంది. కర్నూలు డాక్టరు రొమ్ముకు ఎక్స్‌రే ఫోటో తీసి చూసి, ఇంగ రాతి దుమ్ము తగిలితే నీ ఊపిరికి నేను పూచీ కాదప్పా అని తెగేసి చెప్పినాడు. అట్ల వచ్చి చేరినాడు మా ఫ్యాక్టరీలో.

కార్బన్ పొడి మాత్రం దుమ్ము కాదా అంటే, దుమ్మే. కానీ మా కాడ అది తొట్టిలో పోసేంతసేపే ఎగురుతాది, పైన ఫ్యాను లాగేస్తాది, మూతికి మాస్కు ఉండనే ఉంటాది. ఆయనకు ఈడికొచ్చినాక దగ్గు తగ్గింది. అది నేను బస్సులో నా చెవులతో విన్న సంగతి. మొదట్లో శిరివెళ్ల దాటేలోపు పదిసార్లు దగ్గేవాడు. రెండేండ్లకు నిద్రపోయేంత నెమ్మది వచ్చింది.

ఒక అలవాటు మాత్రం పోలేదు. ఏ వస్తువు చేతికిచ్చినా బొటనవేలితో ఒకసారి రుద్ది చూస్తాడు. టీ గ్లాసు, బస్సు కమ్మీ, నా టిఫిన్ క్యారియరు మూత. "ఈడ గరుకుందమ్మా" అంటాడు. "ఉంటే ఉండనీలే అన్నా, దానికి పెండ్లి చూపులా?" అనేదాన్ని. నవ్వేవాడు.

ఆ ఎండాకాలం మొదట్లో ఒక పత్తి మిల్లు వాళ్లు వచ్చినారు. మిల్లులో దూది పీచు గాలితో పాటు గొట్టాల్లో పరుగెత్తుతాది. ఇనుప గొట్టాలు బరువు, తుప్పు. ప్లాస్టిక్‌వి పెడితే ఇంకో తంటా. ఎండాకాలం నైలాన్ చీర విప్పుతుంటే చిటచిటమంటాది కదా, అదే ఆ గొట్టంలోనూ జరుగుతాది. చీరకైతే వెంట్రుకలు లేస్తాయి, ఆడ దూది ఉంటాది. ఒక్క నిప్పురవ్వ చాలు, మిల్లు మొత్తం పోతాది. కాబట్టి వాళ్లకు ప్లాస్టిక్ గొట్టమే కావల్ల, కానీ ఆ కరెంటు నిలవకుండా గొట్టంలోంచే నేలకు పారిపోవల్ల.

ప్లాస్టిక్‌లో కరెంటు పారదు. కార్బన్ కలిపితే పారుతాది. ఇది ఎట్లంటే, మిద్దెకు స్లాబు వేసేటప్పుడు కింద నుంచి పైదాకా మనుషులు వరసగా నిలబడి కాంక్రీటు తట్టలు చేతికి చేయి అందిస్తారే, అట్ల. కార్బన్ గింజలు ఒకదానికొకటి అందేంత దగ్గరగా ఉంటే తట్ట పైకి పోతాది. మధ్యలో ఒక మనిషి లేకపోతే తట్ట ఆడనే ఆగుతాది. కొంచెం కార్బన్ వేస్తే ఏమీ కాదు, ఇంకొంచెం వేసినా ఏమీ కాదు, ఒక కాడికి వచ్చేసరికి ఉన్నట్టుండి దారి దొరుకుతాది. అట్లని గుమ్మరిస్తామా, కరిగిన ప్లాస్టిక్ గట్టిపడి మిషనులో కదలదు. సంగటి కెలికేటప్పుడు పిండి ఎక్కువైతే తెడ్డు తిరగదు చూడు, అదే బాధ. కరెంటు పారాలంటే పొడి ఎక్కువ ఉండల్ల, ప్లాస్టిక్ జారాలంటే తక్కువ ఉండల్ల. ఈ రెంటి మధ్య ఒక సన్నని సందు ఉంది. నేను నెలరోజులు పుస్తకాలు తిరగేసి, చిన్న చిన్న బిళ్లలు ఒత్తి చూసి, ఆ సందు యాడుందో పట్టుకున్నాను. మీటరులో అంకె కనపడినప్పుడు, నిజం చెబుతాండా, చిన్నపిల్ల మాదిరి చప్పట్లు కొట్టినాను. ఎన్నేండ్లకో నా చదువు పనికొచ్చిందనిపించింది.

లెక్క కాగితం మీద రాసి అన్నకిచ్చినాను. ఆయన తూకం వేసి, పొడి, ప్లాస్టిక్ గింజలు, మేము దాణా అంటాం, కలిపి మిషనులో పోసినాడు. లోపల స్క్రూ తిరుగుతా కరిగించి కలుపుతాది. ఇంకో చివర నుంచి నల్లటి తీగ మాదిరి వచ్చి నీళ్లతొట్టిలో చల్లారుతాది, దాన్ని ముక్కలుగా కొడితే నల్ల దాణా. పైపు చేసేది ఆ దాణాతోనే.

ఆ తీగ గరుకుగా వచ్చింది. చింతమాను బెరడు మాదిరి గీతలు, బొబ్బలు. వేలు పెడితే గుచ్చుకునేట్లుంది. ఆ పొద్దు నాకు ఒళ్లు బాగలేదు, తలనొప్పి, దానికి తోడు మిల్లు వాళ్లు ఫోన్ల మీద ఫోన్లు. అందరి ముందరా అరిచినాను.

"ఏందన్నా ఇది? దేవుళ్లకు నునుపు పెట్టిన చేతిలోంచి ఇట్లాంటిది వస్తాదా? సిగ్గు లేకుండా నా టేబులు మీదికి పంపిస్తావా?"

ఆయన మొహం నల్లబడింది. కార్బన్ నలుపు కాదు. తీగ తీసుకుని బొటనవేలితో రుద్దినాడు.

"బాగా కలవలేదమ్మా. ఇంకోసారి మిషనులో నడిపిస్తా."

"నడిపించు. మొహం కనపడల్ల నాకు."

నాది నోరు కాదు, ఏమనాలో కూడా తెలీదు దాన్ని.

ఆయన ఆ దాణానంతా మళ్లా మిషనులో పోసినాడు. ఇంకోసారి అన్నది నోటిమాటే, మూడుసార్లు నడిపించినాడని తర్వాత తెలిసింది. పాలిషు పెట్టేవాడికి ఒకసారికి తృప్తి యాడ ఉంటాది? మూడోసారికి తీగ అద్దం మాదిరి వచ్చింది. నా చేతికిచ్చి, నా మొహం చూస్తా నిలబడినాడు. జారుడు యంత్రంలో వేస్తే నూనె మాదిరి జారింది. "ఇదీ పనంటే!" అన్నాను. ఆయన కండ్లలో ఎంత సంతోషం! దాణా సంచుల మీద బాగుందని రాసి సంతకం పెట్టినాను.

మీటరు పెట్టి చూడలేదా అంటే, చూడలేదు. పొడి లెక్క నాదే, బిళ్ల ఒత్తి చూసినప్పుడు కరెంటు పారింది, ఇంగ దీనిలో మాత్రం ఎందుకు పారదు? మొదటి గరుకు దాణాకు కూడా మీటరు పెట్టలేదు. కంటితో చూసి, వేలితో తాకి తిప్పి పంపినాను. మా ఊర్లో పుట్టినోళ్లకు నున్నగా ఉన్నది మంచి పని, గరుకుగా ఉన్నది సగం పని. ఆయనకూ అంతే, ఎమ్మెస్సీ చదివిన నాకూ అంతే.

పైపులు తయారైనాయి. నల్లగా, నిగనిగలాడతా. మిల్లు నుంచి వాళ్ల ఎలక్ట్రీషియను వచ్చి మా ఆవరణలోనే ఒక పైపుకు ఆ చివర ఒక క్లిప్పు, ఈ చివర ఒక క్లిప్పు పెట్టినాడు. మీటరు కదల్లేదు. ఇంకో పైపు. కదల్లేదు. పది పైపులు చూసినాడు. ఒక్కదానిలోనూ కరెంటు పారలేదు. క్లిప్పులు చుట్టి సంచీలో పెట్టుకుని, "ఇవి పొలానికి వాడుకోండి సార్" అని పోయినాడు.

మా ఓనరు చెడ్డవాడేం కాదు. సేద్యం కుటుంబం నుంచి వచ్చినోడు, కోపం వస్తే మాత్రం ఎవరినీ చూడడు. అందరినీ మిక్సరు కాడ నిలబెట్టినాడు.

"పొడి ఎంత పోసినావప్పా?" అని అన్నను అడిగినాడు.

"కాగితంలో ఉన్నంత సార్. దోసెడు కూడా తగ్గలేదు."

"మరి కరెంటు యాడికి పోయింది? నీకు దగ్గు కదా, పొడి ఎగురుతాదని తక్కువ పోసినావా? నిజం చెప్పు, ఏమీ అనను."

"లేదు సార్. తూకం ప్రకారమే."

ఓనరు నా వైపు తిరిగినాడు. "మా, నువ్వు చెప్పు. పొడి తక్కువైతే ఇట్లే అవుతాదా?"

"అవుతాది సార్" అన్నాను.

నేను చెప్పింది అబద్ధం కాదు. పొడి తక్కువైతే ఇట్లే అవుతాది. ఏ పుస్తకం తీసినా అదే ఉంటాది. నాకు ఆ పొద్దు వేరే కారణం తోచలేదు, ఇది ముమ్మాటికీ నిజం. కానీ ఆ ఒక్క మాటతో ఆయన దొంగ పని చేసినవాడైపోయినాడు. అన్న నా దిక్కు చూసినాడు. కోపం లేదు. నాకేదో తెలిసి చెబుతాండానని నమ్మినట్టు చూసినాడు. మాస్కు తీసి మేకుకు తగిలించి, చేతులు కడుక్కుని బయటికి పోయినాడు.

సాయంత్రం బస్సులో ఆయన డ్రైవరు వెనక సీట్లో కూర్చున్నాడు. నేను వెనక. ఆళ్లగడ్డలో దిగేటప్పుడు నాకోసం ఆగలేదు. మరుసటి దినం నుంచి బస్సులో ఆయన లేడు. వారం తర్వాత బజారులో ఆయన భార్య కనపడింది. మళ్లా రాతి షెడ్డుకే పోతాండాడంట. "ఇంగేం చేస్తాడమ్మా, వేరే పని ఏమొస్తాది ఆయనకు?" అనింది. వంకాయలు ఏరుకుంటా మామూలుగానే అనింది. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అనింటే బాగుండేది.

మూడు వారాలు గడిచినాయి. పైపులు గోడ వారగా పడున్నాయి. ఓనరు కొత్త కార్బన్ తెప్పిస్తానని తిరుగుతాండాడు. నేను పనికిరాని ఆ నున్నటి దాణాతోనే బిళ్లలు ఒత్తుతా, మీటరు పెడతా, ఏమీ రాక, మళ్లా ఒత్తుతా ఉన్నాను. బిళ్లను వేడి పలకల మధ్య ఐదు నిమిషాలు పెట్టి తీయడం పద్ధతి.

ఒక మంగళవారం మధ్యాహ్నం బువ్వ తిని, బిళ్ల ప్రెస్సులో పెట్టి, టేబులు మీద తల వాల్చినాను. ఎండ, అలసట, ఏదైతేనేం, నిద్ర పట్టేసింది. లేచేసరికి గంట దాటింది. అయ్యో, మాడిపోయింటాది అనుకుంటా పలకలు తెరిచినాను. మాడలేదు. చల్లార్చి, పారేసే ముందు అలవాటు కొద్దీ క్లిప్పులు పెట్టినాను.

అంకె వచ్చింది.

నిద్రమత్తేమో అని మొహం కడుక్కుని వచ్చి చూసినాను. అంకె ఆడనే ఉంది. అదే దాణాతో ఐదు నిమిషాల బిళ్ల ఒత్తితే కరెంటు లేదు. గంట పెట్టిన బిళ్లలో ఉంది. మూడుసార్లు చేసినాను, మూడుసార్లూ అంతే. అప్పుడు గుర్తొచ్చింది, మొదటి గరుకు తీగ ముక్కలు కొన్ని నా సొరుగులో ఊరగాయ సీసాలో పడున్నాయి. వాటిని ఐదు నిమిషాలే ఒత్తి మీటరు పెట్టినాను. బ్రహ్మాండంగా పారింది.

పొడి తక్కువైతే గంట కాదు, దినమంతా వేడిలో పెట్టినా కరెంటు రాదు. పొడి ఉండాల్సినంతా ఉంది. తట్టలు అందించే మనుషులంతా ఉన్నారు, కానీ మిషనులో మళ్లా మళ్లా నలిగి ఒకరికొకరు అందకుండా చెల్లాచెదురైపోయినారు. అందుకే అంత నున్నగా ఉంది, అందుకే నూనె మాదిరి జారింది. వేడిలో కదిలించకుండా వదిలేస్తే మెల్లగా మళ్లా ఒకరి పక్కకు ఒకరు చేరినారు. ఆ గరుకే మంచి దాణా. దాన్ని తిప్పి పంపింది నేను. మొహం కనపడల్ల అనింది నేను. ఆయన దోసెడు కూడా తక్కువ పోయలేదు.

అప్పుడే లేచి ఓనరు గదికి పోయింటే ఈ కథ ఈడ రాయాల్సిన పని ఉండేది కాదు.

పోలేదు. కాసేపు ఊపిరి తీసుకుంటాననుకున్నాను. తప్పు నాది అని తేలితే ఆయన పోయినట్టే నేనూ పోతాను కదా అనుకున్నాను. నలభై ఆరేండ్లకు నన్ను ఎవరు పనిలో పెట్టుకుంటారు? బుధవారం ఓనరు ఎవరిదో పెండ్లికి బనగానపల్లె పోయినాడు, మంచిదే అయిందనుకున్నాను. గురువారం ఆయన గదిలో ఎవరో ఉన్నారు. వాళ్లు పోయినాక కూడా నేను లేవలేదు. శుక్రవారం ఏ సాకూ దొరకలేదు, అయినా పోలేదు. పదిసార్లు కాగితం మీద చెప్పాల్సింది రాసుకుని పదిసార్లూ చించేసినాను. బస్సు రాతి షెడ్ల ముందు పోయేటప్పుడు నేను రెండో పక్క కిటికీలోంచి నల్లమల కొండలు చూస్తా కూర్చునేదాన్ని. ఎన్నడూ లేనిది, కొండలంటే అంత ఇష్టం!

శుక్రవారం సాయంత్రం ఏదో ఊరేగింపు అడ్డమొచ్చి బస్సు ఆ షెడ్ల కాడనే ఆగిపోయింది. అందరూ దిగుతాంటే నేనూ దిగినాను. ఎదురుగానే ఆయన. షెడ్డు బయట ఒక రాతిదిమ్మె మీద కూర్చుని, ఒక చెయ్యి రొమ్ము మీద పెట్టుకుని దగ్గుతాండాడు. నెత్తి, కనుబొమ్మలు, మూతికి కట్టుకున్న తువ్వాలు, అంతా తెల్లటి దుమ్ము. దగ్గు ఆగినాక తలెత్తి నన్ను చూసినాడు. చూసి నవ్వి, చెయ్యి ఎత్తినాడు.

ఆ నవ్వు తట్టుకోవడం నావల్ల కాలేదు. ఇంటికి పోయేదాకా ఏడుస్తానే పోయినాను.

శనివారం పొద్దున బ్యాగు కూడా పెట్టకుండా నేరుగా ఓనరు గదికి పోయినాను. రెండు బిళ్లలు, ఊరగాయ సీసా, మీటరు టేబులు మీద పెట్టి చూపించినాను. ఆయన రెండోసారి చూపించమన్నాడు.

"అంటే మొదట వచ్చిందే మంచిదా?"

"అవును సార్."

"దాన్ని వెనక్కి పంపింది ఎవరు?"

"నేనే సార్."

ఆయన చాలాసేపు బిళ్లను అటూ ఇటూ తిప్పినాడు. "పాపం, ఆ మనిషిని దొంగను చేసినాను కదమ్మా" అన్నాడు. తర్వాత, "ఇది నీకెప్పుడు తెలిసింది?"

"నిన్న సాయంత్రమే సార్."

ఎంత తేలిగ్గా వచ్చింది ఆ మాట! నాలిక తడబడలేదు కూడా.

"పో, నువ్వే పోయి పిలుచుకరా. నా మాటగా చెప్పు, నాది తప్పే అని" అన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. నాలుగు దినాలు నేను భయపడిందంతా ఊరికే.

ఆదివారం షెడ్డుకు పోయినాను. ఆయన ఒక అమ్మవారి మోకాలికి పాలిషు పెడతాండాడు. గోరువంకల గుంపు అరిచినట్టు చుట్టూ ఉలుల చప్పుడు, మధ్యలో గ్రైండరు. అరిచి చెప్పాల్సి వచ్చింది. అంతా చెప్పినాను. గరుకుదే మంచిదని, తూకం సరిగ్గా ఉందని, ఓనరు రమ్మన్నాడని.

ఆయన చేతిపని ఆపలేదు. "అయితే ఇంగ గరుకుగానే చెయ్యల్లనా?"

"అవునన్నా. ఒకసారే నడిపించల్ల."

"అది నావల్ల కాదమ్మా. తెలిసి తెలిసి సగం పని ఎట్ల చేసేది? చేతులు రావు."

నాకు ఒళ్లు మండిపోయింది. "చేతులు రావా? ఊపిరి మాత్రం వస్తాదా నీకీడ? మొన్న నేను చూడలేదనుకుంటాండావా? పొద్దున ఏడున్నరకు బస్టాండులో లేకపోతే ఇంటికొచ్చి ఈడ్చుకపోతా!" అని అరిచినాను. చెక్కేవాళ్లంతా ఉలులాపి చూసినారు. ఆయన భార్య పక్కనే బువ్వ క్యారియరు పట్టుకుని నిలబడుంది. "వస్తాడులే, నువ్వు పోమ్మా" అనింది.

వచ్చినాడు. సోమవారం తూకం వేసినాడు, ఒకసారే నడిపించినాడు. గరుకు తీగ నీళ్లలోకి దిగుతాంటే మొహం పక్కకు తిప్పుకున్నాడు. మిషను వేడి కొంచెం పెంచి, వేగం తగ్గించి, ఎట్లనో పైపులు లాగినాం. నిగారింపు లేదు, బూడిద నలుపు. మిల్లు ఎలక్ట్రీషియను వచ్చి క్లిప్పులు పెట్టినాడు. ప్రతి పైపుకూ అంకె వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టినారు. అన్న ఒక పైపు మీద బొటనవేలు పెట్టి, పై నుంచి కింద దాకా రుద్దుకుంటా పోయినాడు. నా దగ్గరికి వచ్చి మెల్లగా, "ఇవి నేను చేసినానని మన ఊర్లో ఎవరితోనూ చెప్పగాకమ్మా" అన్నాడు.

ఇప్పటికీ ఇద్దరం అదే బస్సు. ఆయనకు కిటికీ పక్క సీటు ఉంచుతాను, గాలి కావల్ల. మాస్కు, ఫ్యాను, మాత్రలు, అన్నీ ఉన్నాయి. కానీ దగ్గు మొదటి మాదిరి తగ్గలేదు. శిరివెళ్ల దాటేలోపు మళ్లా పదిసార్లు. డాక్టరు, ఇంగ ఇది ఇంతే, పెరగకుండా చూసుకో అన్నాడంట.

వచ్చిన కొత్తలోనే ఒకరోజు బస్సులో అడిగినాడు. "నీకెప్పుడు తెలిసిందమ్మా, నాది తప్పు కాదని?"

"శుక్రవారం సాయంత్రం అన్నా. శనివారం పొద్దున్నే పోయి చెప్పేసినా."

ఆయన తల ఊపినాడు. అప్పటి నుంచి కండక్టరుతో, పక్క సీటువాళ్లతో, అహోబిలం పోయే యాత్రికులతో కూడా, ఎవరు దొరికితే వాళ్లతో చెబుతాడు. "ఈయమ్మ శానా నిజాయితీ మనిషప్పా. తప్పు తనదని తెలిసి ఒక్క దినం కూడా ఆగలేదు. పరుగెత్తుకుంటా పోయి చెప్పేసింది." చెబుతా చెబుతా దగ్గు వస్తాది. నేను నీళ్ల సీసా మూత తీసి ఇస్తాను. మూడు వారాలు తెలీక ఊరుకున్నాను. ఆ నాలుగు దినాలు తెలిసే ఊరుకున్నాను. ఆయన నీళ్లు తాగి, సీసా మూతను బొటనవేలితో ఒకసారి రుద్ది, నా చేతికిస్తాడు.